అంగుళాల పంచాయితీ

మా తోడల్లుడికీ నాకూ ఆస్తి తగాదాలేం లేవు. ఉన్నదల్లా అంగుళాల తగాదా. నేను న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాను, అతను ఫిలడెల్ఫియా శివార్లలో. మధ్యలో గంట, గంటన్నర దారి. ఒకే తుపాను ఇద్దరి నెత్తిన పడుతుంది గానీ ఎప్పుడూ సమానంగా పడదు. ఎవరింటి ముందు స్నో ఎక్కువ పడితే వాళ్లు ఆ ఏడాదంతా దాని గురించే మాట్లాడతారు. రెండోవాళ్లు క్రికెట్ వైపు మాట మారుస్తారు.

మా ఆవిడా, వాళ్ల చెల్లెలూ దీన్ని జబ్బు కిందే లెక్కేశారు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు అరిసెలు తింటూ కూడా మాది ఇదే గోల. 96 గొప్పదా, 2016 గొప్పదా? 2010లో అన్యాయం జరిగింది ఎవరికి? పైగా 2022 ఫిబ్రవరి నుంచి 2024 జనవరి దాకా న్యూయార్క్ నగరం స్నో లెక్క కొలిచే సెంట్రల్ పార్క్‌లో వరసగా 701 రోజుల పాటు ఏ ఒక్క రోజునా అంగుళం స్నో పడలేదు. కొత్తవి లేనప్పుడు పాతవే తీస్తాం కదా. ఆ కరువులో మేం తవ్విపోసుకోని తుపాను లేదు. ఈ రాతంతా ఆ తవ్వకాల్లో బయటపడిందే.

నా ఓటు ఎప్పుడూ 96కే.

నేనొచ్చింది 1995 చివర్లో. కోబాల్ అనే కంప్యూటర్ భాష వచ్చిన ప్రతివాడికీ వీసా దొరుకుతున్న రోజులు. కన్సల్టింగ్ కంపెనీ వాళ్ల గెస్ట్‌హౌస్ అంటే ఏదో అనుకుని వచ్చాం. తీరా చూస్తే రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు, అందులో ఎనిమిది మందిమి. ప్రాజెక్టు ఇంకా రాలేదు. పగలంతా టీవీలో వెదర్ ఛానల్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మిగతా ఛానళ్లలో వాళ్ల ఇంగ్లీషు వేగం నాకు అందేది కాదు. ఇందులో అయితే మ్యాపు చూస్తే చాలు. కోనసీమలో పుట్టినవాణ్ణి. అల్పపీడనం, వాయుగుండం, తీరం దాటడం అన్నవి నాకు అక్షరాలు రాకముందే రేడియోలో వచ్చిన మాటలు. కరోలినా తీరం పక్క నుంచి పైకి పాకుతున్న ఎర్రటి ‘ఎల్’ అక్షరం, అంటే అల్పపీడనం గుర్తు, చూడగానే ఇదేదో మనకు తెలిసిన వ్యవహారమే అనిపించింది.

జనవరి 6 శనివారం సాయంత్రం అందరికీ ఉన్న ఒక్క కారులో కొట్టుకి వెళ్తే బ్రెడ్డూ పాలూ పెట్టే అరలు ఖాళీ. మాకు కావాల్సిన బియ్యం, గుడ్లు, ఉల్లిపాయలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆదివారం తెల్లవారుజామున మొదలైంది. ఆ పగలూ, ఆ రాత్రీ, సోమవారం కూడా చాలా దాకా ఆగలేదు. పొడి స్నో. గాలికి అడ్డంగా కొట్టుకొచ్చి కిటికీ అంచుల్లో పేరుకుపోయింది. ఆవకాయ అన్నం, ఆమ్లెట్, చతుర్ముఖ పారాయణం, మధ్యమధ్యలో కిటికీ దగ్గరికెళ్లి చూడ్డం. రెండు రోజులు అలాగే గడిచాయి.

మంగళవారం పొద్దున తలుపు తీస్తే పార్కింగ్ లాట్‌లో కార్లు కనబడలేదు. తెల్లటి గుట్టలు వరసగా ఉన్నాయంతే. ఎనిమిది మందికీ స్నో ఎత్తే పార, షవెల్, ఒకటే. మిగతావాళ్లం చెత్తబుట్ట మూత, ఓవెన్ ట్రే, ఏది దొరికితే అది పట్టుకుని దిగాం. ఎదురు బిల్డింగ్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైరైన పోస్టల్ ఉద్యోగి. మా తవ్వకం చూసి జాలిపడి తన షవెల్ ఒకటి ఇచ్చాడు. ఎత్తి పోయొద్దు, తోసుకుంటూ పొండి, నడుం పట్టేస్తుంది అని చెప్పాడు. ఆయన దగ్గర తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ చెక్క ఒకటుంది. స్నో పడుతున్నప్పుడు దాన్ని ఆరుబయట పెడతాడు. ఆరు గంటలకోసారి స్కేలు గుచ్చి చూసి, రాసుకుని, చెక్క తుడిచేసి మళ్లీ పెడతాడు. నాకు ఈ పిచ్చి అంటించింది ఆయనే.

రెండడుగులు దాటిందని మేం ఎగిరి గంతేస్తుంటే ఆయన మాత్రం చప్పరించేశాడు. 1978 ఫిబ్రవరిలో ఆయన బోస్టన్‌లో ఉన్నాడట. అక్కడ రూట్ 128 రహదారి మీద వేల కార్లు ఎక్కడివక్కడ ఇరుక్కుపోతే జనం వాటిని వదిలేసి నడిచిపోయారట. ఇదీ బాగానే ఉంది, కానీ 78 కాదు అన్నాడు. పడిన స్నో ఇంకా కరగనే లేదు, అప్పుడే పోలికలు మొదలు!

లెక్కలు చెప్తాను. 96లో నెవార్క్ విమానాశ్రయంలో 27.8 అంగుళాలు. ఫిలడెల్ఫియాలో 30.7. న్యూజెర్సీలోనే వైట్‌హౌస్ స్టేషన్ అనే ఊళ్లో 35. సెంట్రల్ పార్క్‌లో మాత్రం 20.2. న్యూయార్క్ నగరంలో 1978 తర్వాత స్నో కోసం బళ్లు మూసింది ఆ సోమవారమే. ఇక వాషింగ్టన్‌లో బడ్జెట్ గొడవతో మూతపడిన ప్రభుత్వ ఆఫీసులు అప్పుడే తెరుచుకోబోతున్నాయి. ఈ స్నో వచ్చి మళ్లీ మూయించింది. రెండు వారాలు తిరక్కుండానే వేడిగాలీ వానా వచ్చి అదంతా ఒక్కసారిగా కరిగి సస్క్వెహన్నా, డెలావేర్ నదులకు వరదలొచ్చాయి. ఆ వరదని కూడా 96 ఖాతాలోనే వేయాలని నా వాదన.

మా తోడల్లుడు 1999లో వచ్చాడు. 96 జనవరిలో అతను నందిగామలో ఇంటర్ చదువుతున్నాడు. కానీ ఆ 30.7 గురించి మాట్లాడేటప్పుడు వినాలి. అదంతా తనే ఎత్తిపోసినట్టు చెప్తాడు.

అదే ఏడాది నవంబర్ 6న మా కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరితోటలు తోటలకి తోటలు నేలకొరిగాయి. ఫోన్ కార్డులు గీకి గీకి నంబర్లు తిప్పుతూనే ఉన్నాను, లైను కలవలేదు. చివరికి రాజమండ్రిలో ఉన్న మేనమామ ద్వారా ఇంట్లో అందరూ క్షేమమని కబురు తెలిసింది. మా వైపు ఇప్పటికీ పెళ్లిళ్లు, పుట్టుకలు తుపానుకు ముందు, తుపాను తర్వాత అనే చెప్పుకుంటారు. ఏ తుపాను అని ఎవరూ అడగరు. నాకు మాత్రం ‘96 తుపాను’ అంటే ఒక్క క్షణం ఏదని ఆలోచించాల్సి వస్తుంది.

రెంటి పుట్టుకా వేరు. మన బంగాళాఖాతం తుపాను వెచ్చటి సముద్రం మీదే బతుకుతుంది, నేల తగలగానే నీరసపడుతుంది. ఇక్కడి నార్‌ఈస్టర్‌కి, అంటే ఈ తీరం వెంబడి వచ్చే చలికాలపు తుపానుకి, కావాల్సింది తేడా. కెనడా నుంచి దిగే చలిగాలి ఒక పక్క, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం మీది తేమ ఇంకో పక్క. ఆ రెండూ నార్త్ కరోలినాలోని హాటరస్ అగ్రం దగ్గర ఒరుసుకుంటే అల్పపీడనం బలపడి తీరం వెంబడి ఈశాన్యానికి నడుస్తుంది. ఇక్కడి వాతావరణ పిచ్చోళ్లందరికీ ఒక గుర్తుంది. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోటు. తుపాను దాని పక్కగా వెళ్తే మనకు పంట. ఇటు జరిగితే వాన, అటు జరిగితే ఎండ. యాభై మైళ్ల తేడాలో రెండడుగుల స్నో కాస్తా రెండంగుళాల బురద అవుతుంది. ఈ తీరం నగరాలన్నిటినీ కలిపే ఐ-95 రోడ్డు పొడవునా ఈ టెన్షనే.

2003 ఫిబ్రవరి, ప్రెసిడెంట్స్ డే తుపాను. మా అమ్మాయి పుట్టి వారమైంది. అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని సోఫాలో కూర్చున్నాడు. నేను రెండు రోజుల ముందు నుంచీ వాతావరణ అంచనాలిచ్చే కంప్యూటర్ మోడల్సూ మ్యాపులూ అంటూ తిరుగుతున్నాను. ఆదివారం మొదలై సోమవారానికి బయటంతా కప్పేసింది. ఆ చలికి స్నో పిండిలా పొడిపొడిగా ఉంది. నాన్న కిటికీ తెర తీసి కాసేపు చూసి తిరిగాడు.

“చప్పుడు లేని తుపాను ఏం తుపానురా! కరెంటుంది, టీవీ వస్తోంది, వేడినీళ్లొస్తున్నాయి. దీనికా నువ్వు కాలుగాలిన పిల్లిలా తిరిగావు?”

నాకు పౌరుషం వచ్చింది. బాల్టిమోర్‌లో ఈ స్నో బరువుకే రైల్వే మ్యూజియం పైకప్పు కూలిందని, పాత రైలు పెట్టెలు నలిగిపోయాయని టీవీలో చూపించాను. అప్పుడు కాస్త మెత్తబడ్డాడు. ఇంకాసేపటికి తనంతట తనే 77 గురించి ఎత్తాడు. ఆ నవంబర్‌లో దివిసీమ ఉప్పెన తర్వాత సాయానికి వెళ్లిన వాళ్లలో నాన్న కూడా ఉన్నాడని మాకు తెలుసు గానీ, అంతకుముందు ఎప్పుడూ నోరు విప్పలేదు. వేల మంది పోయిన ఉప్పెన అది. శవాల గురించి ఇప్పుడూ చెప్పలేదు. “మీకు స్కేళ్లూ చెక్కలూ ఉన్నాయి. అక్కడ తాటిచెట్ల మీద చెత్త ఎంత ఎత్తున చిక్కుకుందో చూసి, నీళ్లు అంత ఎత్తు వచ్చాయి కాబోలు అనుకున్నాం” అన్నాడు. అమ్మ లోపలి నుంచి, “పసిబిడ్డ ఉన్న ఇంట్లో అవన్నీ ఎందుకండీ ఇప్పుడు” అని కేకేసింది. ఆయన ఆపేశాడు.

మర్నాడు నేను లేచేసరికి నా కోటు వేసుకుని, నా బూట్లు తొడుక్కుని డెక్ మీద ఉన్నాడు. చేతిలో స్కేలు. “పందొమ్మిది. రాసుకో” అన్నాడు. ఆ రోజు సెంట్రల్ పార్క్ లెక్క కూడా 19.8 అనేసరికి మా నాన్న ముఖం చూడాలి. తిరిగి వెళ్లాక అమలాపురంలో కనబడిన వాళ్లందరికీ ఆ పందొమ్మిది గురించే చెప్పాడట.

2006 ఫిబ్రవరి గురించి నాకు పెద్దగా గౌరవం లేదు. సెంట్రల్ పార్క్‌లో 26.9 పడి, 1947 డిసెంబర్ నాటి 26.4 రికార్డు పోయింది. నిజమే. కానీ అది ఒక సన్నటి పట్టీ గీసుకుని దాని కింద ఉన్నవాళ్లకే కుమ్మరించిన తుపాను. ఉరుములతో స్నో పడటం విన్నవాళ్లు మాత్రం అదృష్టవంతులు. వారం తిరక్కుండా సగానికి పైగా కరిగిపోయింది. రికార్డుకి తగ్గ హుందాతనం లేదు.

అసలు యుద్ధాలు 2010లో జరిగాయి. ఫిబ్రవరి 5, 6 తేదీల్లో వచ్చిన తుపాను ఫిలడెల్ఫియా మీద 28.5 అంగుళాలు పోసింది. వాషింగ్టన్ పక్కన డల్లెస్ విమానాశ్రయంలో 32.4. సెంట్రల్ పార్క్‌లో సున్నా! మధ్యలో కత్తితో కోసినట్టు గీత. నేను ఎడిసన్‌లో కిటికీ పట్టుకుని దక్షిణం వైపు చూస్తుంటే, మా తోడల్లుడు గంటకోసారి ఫోన్ చేసి, “అన్నయ్యా, మెయిల్‌బాక్స్ కనబడ్డం లేదు. మీకెంత?” అని అడగడం. తెలిసి కూడా అడగడం. ఆ చలికాలం మొత్తమ్మీద ఫిలడెల్ఫియాకి 78.7 అంగుళాలు పడి కొత్త రికార్డు. ఆ అంకె ఇప్పటికీ నాకు కంఠతా రావడానికి అతనే కారణం.

దేవుడున్నాడు. అదే ఏడాది క్రిస్మస్ మర్నాడు లెక్క తిరగబడింది. కొన్ని రోజులు ముందు మోడల్స్ ఈ తుపానుని సముద్రంలోకి నెట్టేశాయి. అందరూ ఆశ వదిలేసి సెలవులకు వెళ్లిపోయారు. డిసెంబర్ 24న మళ్లీ వెనక్కి లాగాయి. నెవార్క్‌లో 24.2, పక్కనే రావేలో 32 అంగుళాలు. ఫిలడెల్ఫియాకి అందులో సగమే. అదే సగానికి భయపడి వాళ్లు ఆదివారం జరగాల్సిన ఈగల్స్ ఫుట్‌బాల్ ఆటను మంగళవారానికి వాయిదా వేశారు. పెన్సిల్వేనియా గవర్నర్ ఎడ్ రెండెల్ మనది పిరికిపందల దేశమైపోయిందని విసుక్కున్నాడు కూడా. మా తోడల్లుడికి ఆ మాట నేను ఎన్నిసార్లు గుర్తుచేశానో! మావైపూ గొప్పేం లేదులెండి. గవర్నర్ క్రిస్ క్రిస్టీ కుటుంబంతో డిస్నీ వరల్డ్‌లో, లెఫ్టినెంట్ గవర్నర్ మెక్సికోలో ఉంటే రాష్ట్రాన్ని సెనేట్ అధ్యక్షుడు చూసుకున్నాడు. మా వీధికి స్నో తోసే బండి, ప్లౌ, వచ్చేసరికి పిల్లలు దాని గురించి పాట కట్టేశారు.

2011 అక్టోబర్ 29ది చిన్నది. సెంట్రల్ పార్క్‌లో 2.9 అంగుళాలే. కానీ మా ఆవిడ దృష్టిలో అన్నిటికంటే పెద్ద తుపాను అదే. బుధవారం దీపావళి అయితే, అందరికీ కుదురుతుందని మేం శనివారం రాత్రికి విందు పెట్టుకున్నాం. చెట్లకు ఆకులు ఇంకా రాలలేదు. తడి స్నో ఆకుల మీద నిలబడి ఆ బరువుకి కొమ్మలు టపాకాయలు పేలినట్టు విరిగాయి. తీగలు తెగి ఈశాన్య రాష్ట్రాల్లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మాకూ పోయింది, రోజుల తరబడి. యాభై మందికి చేసిన గులాబ్ జామూన్లు ఇరుగుపొరుగుకు పంచాం. మేం అంగుళాలు కొలుస్తాం గానీ ఆడవాళ్లు కరెంటు లేని గంటలు కొలుస్తారు. వాళ్ల కొలతే సరైనదేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

2015 జనవరి గురించి ఎవరింట్లోనూ మాట్లాడుకోం. రెండు, మూడు అడుగులన్నారు. యూరోపియన్ మోడల్ పట్టుబట్టి చెప్పింది. న్యూయార్క్‌లో స్నో పేరుతో సబ్‌వే రైళ్లని మొత్తంగా ఆపడం అదే మొదటిసారి. పొద్దున లేస్తే సెంట్రల్ పార్క్‌లో 9.8. మాకు అంతకన్నా తక్కువ, ఫిలడెల్ఫియాకి ఇంకా తక్కువ. తుపాను కాస్త తూర్పుకు జరిగి బోస్టన్ వైపు వాళ్లకు మొత్తం ఇచ్చేసింది. మా ప్రాంతానికి అంచనాలిచ్చే మౌంట్ హోలీ వాతావరణ కార్యాలయం అధిపతి గ్యారీ జట్కోవ్‌స్కీ ట్విటర్‌లో జనానికి బాహాటంగా క్షమాపణ చెప్పాడు. అలా చెప్పిన ప్రభుత్వ అధికారిని నేను అక్కడా చూడలేదు, ఇక్కడా చూడలేదు. ఆ ఒక్కదానికి నాకు ఆ తుపాను మీద కోపం తగ్గింది.

ఇక 2016. జనవరి 22 శుక్రవారం సాయంత్రం మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్ మీద తిరణాల. పటేల్ బ్రదర్స్‌లో కొత్తిమీర, కరివేపాకు, పెరుగు డబ్బాలు అన్నీ ఊడ్చుకుపోయారు. శనివారమంతా పడింది, ఈసారి నాకూ అతనికీ ఇద్దరికీ. వాట్సాప్ గ్రూపుల్లో గంటగంటకీ స్కేలు గుచ్చిన ఫోటోలు. రాత్రికి సెంట్రల్ పార్క్ లెక్క వచ్చింది: 26.8. 2006 రికార్డుకి 0.1 అంగుళం తక్కువ! ఆ పాయింటు తేడా మీద ఆ రాత్రి మా ఇద్దరి మధ్య ఎంత సేపు మాటలు నడిచాయో చెప్పను. నెవార్క్‌లో మాత్రం 28.1 అన్నారు. అంటే నా 96 రికార్డు పోయినట్టే.

వాతావరణ శాఖ ఆ కొలతల మీద విచారణ వేసింది. ఏప్రిల్‌లో తీర్పు. సెంట్రల్ పార్క్ అంకె చెప్పుకోవడంలో ఎక్కడో పొరపాటు జరిగిందని దాన్ని 27.5కి సవరించారు. అది కొత్త రికార్డు. నెవార్క్‌లో గంటకోసారి కొలిచి కలిపారు కాబట్టి ఆ 28.1 చెల్లదన్నారు. పడిన స్నో తన బరువుకి తనే కుంగుతుంది. ఆరు గంటలకు బదులు గంటకోసారి కొలిచి తుడుస్తూ పోతే మొత్తం ఉబ్బుతుంది. ఎదురింటి పెద్దాయన ఇరవై ఏళ్ల కిందట చెక్క తుడుస్తూ నాకు చెప్పింది ఇదే. నెవార్క్‌లో 96 నిలబడింది. వెంటనే ఫోన్ చేశాను.

“అయితే ఏంటన్నయ్యా, మా 30.7 ముందు మీ 27.8 ఎంత?” అన్నాడు.

“నువ్వప్పుడు నందిగామలో ఉన్నావు కదయ్యా!”

“నేను లేకపోతే నా ఊరు నాది కాకుండా పోతుందా?”

96 ఎందుకు గొప్పదో అతనికి నేను చెప్పే కారణం వేరు. అంగుళాలు ఒక్కచోట లెక్కేస్తే ఎవడి ఊరు వాడికి గొప్ప. మిగతా ప్రతి తుపానులోనూ ఎవడో ఒకడు కిటికీ పట్టుకుని ఏడ్చాడు. 96లో వర్జీనియా నుంచి మసాచుసెట్స్ దాకా దాదాపు అందరికీ దక్కింది. పాల్ కోసిన్, లూయిస్ ఉచెలినీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈశాన్య తుపానులకి ఒక సూచీ తయారుచేశారు. ఎంత పడింది అన్నదొక్కటే కాకుండా ఎంత మేర పడింది, ఎంతమంది మీద పడింది అన్నది కూడా అందులో లెక్కిస్తారు. దాంట్లో పై తరగతికి ఎక్కినవి రెండే: 1993 మార్చి తుపాను 13.20, 96 తుపాను 11.78. 2016కి వచ్చింది 7.66, నాలుగో తరగతి. ఈ అంకెలు చెప్పినప్పుడల్లా మా తోడల్లుడు టీ పెట్టుకోవడానికి లేచి వెళ్తాడు.

మా ఇద్దరి నోరూ ఒకేసారి మూయించింది మా అమ్మాయి, ఆ 2003 స్నోలో పుట్టిన పిల్ల. 2022 నవంబర్‌లో బఫెలోలో చదువుతోంది. థాంక్స్‌గివింగ్‌కి ముందు ఫోన్ చేసి, “నాన్నా, ఇక్కడికి దగ్గర్లో ఆర్చర్డ్ పార్క్‌లో 80 అంగుళాలు పడింది, ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు బిల్స్ ఆటను డెట్రాయిట్‌కి మార్చారు. మీరూ బాబాయీ 27కీ 30కీ కొట్టుకుంటున్నారు” అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, పక్కనే మా తోడల్లుడు ఉన్నాడు. అది లేక్ ఎఫెక్ట్ అమ్మా, ఈరీ సరస్సు మీది గాలి ఒక సన్నటి పట్టీగా వచ్చి పడుతుంది, నీ హాస్టల్ దగ్గర ఎంత పడిందో చెప్పు అన్నాను. అక్కడ చాలా తక్కువే అని ఒప్పుకుంది. “అందుకే లేక్ ఎఫెక్ట్ లెక్కలోకి రాదు” అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఫోన్ పెట్టేయబోతుంటే మా తోడల్లుడు అందుకున్నాడు. “అమ్మలూ, ఆ 80 ఎవరు కొలిచారో కనుక్కో. ఆరు గంటలకోసారా, గంటకోసారా?”